బండివార్: ఒక ఇంటిపేరు చరిత్ర

తొమ్మిదో తరగతిలో మా క్లాసు టీచర్‌కు ఒక అలవాటు ఉండేది. హాజరు రోల్ నంబర్లతో పిలిచేవారు కాదు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పిలిచేవారు. అది 1984. ఆ పిలుపులో మన ఆదిలాబాద్ జిల్లా అంతా వినిపించేది. ఆత్రం, మడావి, సిడాం, మెస్రం అని గోండు గూడేల పిల్లలు. రాథోడ్, జాదవ్, చవాన్ అని తండాల నుంచి వచ్చేవాళ్లు. దేశ్‌పాండేలు, కులకర్ణిలు. షేక్‌లు, సయ్యద్‌లు. గడ్డంవాళ్లు, బండారివాళ్లు. ఆ తర్వాత చివర ‘వార్’ ఉన్న మేము ఐదుగురం. నా ఇంటిపేరు బండివార్.

చివర ‘వాడ్’ ఉన్నవాడు మాత్రం తరగతి మొత్తానికి ఒక్కడే. అతని ఇంటిపేరు ఇక్కడ రాయను. సార్ అతని పేరు పిలవగానే వెనక బెంచీ నుంచి మేము ‘వాడా సార్? వాడింకా రాలే’ అనేవాళ్లం. తరగతి గొల్లుమనేది. అతను అక్కడే కూర్చుని ఉండేవాడు. ఆ గొంతుల్లో నా గొంతే ముందుండేది. అతని చెల్లెలు రెండు తరగతులు కింద చదివేది. ‘ఆడపిల్లకు గూడ వాడేనా?’ అని ఒకనాడు నేనే అన్నాను. ఆ అమ్మాయి విన్నది. ఆనాటి నుంచి మా తరగతి ముందు వరండాలో నడవడం మానేసి, నీళ్ల ట్యాంకు వెనక నుంచి తిరిగి వెళ్లేది.

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు సౌర విద్యుత్తు గురించి రాద్దామనుకున్నాను. నా వృత్తి అది. కానీ గత కొన్నేళ్లుగా నన్ను వదలకుండా పట్టుకున్న విషయం మరొకటి ఉంది. అది నా ఇంటిపేరే. దాని కథ నాకు ఎలా తెలిసిందో మీకు చెప్పాలి. ఎందుకంటే అది మన బడి వెనక బెంచీ దగ్గరికే తిరిగి వస్తుంది.

మా ముత్తాత కొన్న నాలుగెకరాల చెలక ఒకటి కిన్వట్ వైపు ఉంది. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. నాన్నగారు పోయిన తర్వాత, 2017లో, వారసుల పేర్లు ఎక్కించాలని ముగ్గురం కలిసి అవతలి వైపు ఒక ఆఫీసుకు వెళ్లాం. నేను ఆదిలాబాద్ బండివార్. కిన్వట్‌లో ఉన్న చిన్నతాతగారి మనవడు బండేవార్. అత్తగారింటికి ఇల్లరికం పోయి కరీంనగర్‌లో స్థిరపడ్డ మరో తాతగారి కొడుకు, నాకు వరసకు బాబాయి, ఉత్త బండి. అక్కడి ఉద్యోగి మూడు ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి, ‘ఇవి మూడు ఇంటిపేర్లు, మీరు ఒక ఇంటివాళ్లని రుజువేంటి?’ అని మరాఠీలో అడిగాడు. అతని తప్పేమీ లేదు. కాగితాలు చూస్తే నాకే అనుమానం వచ్చేటట్టు ఉంది.

బస్సులో తిరిగి వస్తూ మొదటిసారి ఆలోచించాను. ఈ ‘వార్’ అసలు ఎక్కడిది?

సమాధానంలో సగం మనందరి నోట్లోనే ఉంది. తెలుగులో మన ఇంటిపేరు మనం చెప్పుకునేటప్పుడు ‘వారు’ చేర్చుకోం. ‘మాది బండి’ అంటాం. ఎదుటివాళ్లు మాత్రం ‘బండివారు’, ‘బండివారింట్ల పెళ్లి’, ‘బండివారి కోడలు’ అంటారు. అది మర్యాద. పేరు కాదు. తెలుగు నేల మీద అది నోటిమాటగానే ఉండిపోయింది. పోతనగారి ఇంటివాళ్లను ‘బమ్మెరవారు’ అన్నా, ఆయన ఇంటిపేరు బమ్మెరే. అది ఊరిపేరు. పాల్కురికి సోమనాథుడిదీ అంతే. ఊరో, వృత్తో, వస్తువో, రంగో ఏదైనా మనకు ఇంటిపేరవుతుంది. అది పేరుకు ముందు నిలబడుతుంది. ‘వారు’ బయటే ఉంటుంది.

మరాఠీలో వరస వేరు. ముందు తన పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఊరి పేరుకు ‘కర్’ చేర్చి ఇంటిపేరు చేసుకోవడం వాళ్లకు అలవాటు. అలాంటిచోట తెలుగు కుటుంబాన్ని చుట్టుపక్కలవాళ్లు ‘బండివారు’ అని పిలుస్తుంటే, ఆ మొత్తమే ఇంటిపేరని రాసుకున్నారు. చివరి ఉకారం మరాఠీ నాలుక మీద నిలవదు. బండివారు ‘బండివార్’ అయింది. మనం ఇచ్చిపుచ్చుకునే మర్యాద వాళ్ల పుస్తకంలో పేరైంది.

ఈ ‘వార్’లు ఎంత దూరం పోయారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మహారాష్ట్ర రెండో ముఖ్యమంత్రి మారోతరావు కన్నంవార్ చాందా ప్రాంతం మనిషి. యశ్వంతరావు చవాన్ రక్షణ మంత్రిగా ఢిల్లీ వెళ్లినప్పుడు, 1962 నవంబరు 20న ఆయన ఆ పదవిలోకి వచ్చారు. ఏడాదికే, 1963 నవంబరు 24న, పదవిలో ఉండగానే కన్నుమూశారు. కన్నం అనే ఇంటిపేరు మన తెలుగువాళ్లలో ఇప్పటికీ ఉంది. 2014 నుంచి 2019 దాకా మహారాష్ట్ర ఆర్థిక మంత్రిగా ఉన్న సుధీర్ ముంగంటివార్‌ది చంద్రపూర్ జిల్లా. ఆ పేరులోంచి మన ‘మునుగంటి’ తొంగిచూస్తుంది. నేను సౌర విద్యుత్తు పనుల్లో ఉన్న రోజుల్లో కేంద్రంలో మా శాఖ మంత్రి నాగ్‌పూర్ ఎంపీ విలాస్ ముత్తెంవార్. ఆ సంతకం ఉత్తర్వుల మీద ఎన్నిసార్లు చూశానో! అందులో మన ముత్తెం ఉందని ఒక్కసారీ తట్టలేదు. చంద్రపూర్, గడ్చిరోలి, యవత్మాళ్, నాందేడ్ జిల్లాల్లో ఏ బజారుకు వెళ్లినా దుకాణాల బోర్డుల మీద ‘వార్’లు కనబడతాయి. ఇది ఒక్క కులం గుర్తు కాదు. వర్తకులున్నారు, వ్యవసాయం చేసేవాళ్లున్నారు. మున్నూరు కాపులకు అటువైపు కులం పేరే మున్నూర్‌వార్ అయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. చివర వార్ వినిపించినదల్లా మనది కాదు. మన తండాల్లోని పవార్ వేరు. అది రాజపుత్రుల ‘పరమార’ నుంచి వచ్చిందంటారు. భూమి లెక్కల్లో మనం చూసే సేత్వార్‌లోని ‘వార్’ కూడా వేరు. ఊరువారీగా, పేరువారీగా అన్నప్పటి ‘వారీ’ అది. పొలాలవారీ పట్టిక అని అర్థం. అలాగే గాయక్వాడ్ మరాఠీ పేరు, మన ‘వాడు’తో దానికి సంబంధం లేదు.

మొదట్లో నేను ఈ మార్పుకు ఉర్దూను కారణం అనుకున్నాను. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. ఆ లిపిలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు. ‘వారు’ రాయబోతే ‘వార్’ పడడం సహజం. వివరణ బాగానే ఉంది. కానీ యంత్రంలో లోపం వెతికేటప్పుడు మేమొక పద్ధతి పాటిస్తాం. అనుమానం ఉన్న భాగాన్ని తీసేసి చూస్తాం. అయినా లోపం అలాగే ఉంటే, కారణం అది కాదన్నమాట. చాందా ప్రాంతం గోండు రాజుల తర్వాత నాగ్‌పూర్ భోంస్లేల చేతికి పోయింది, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ల చేతికి. అక్కడ నిజాం కచేరీ లేదు. అయినా ‘వార్’లు నిండుగా ఉన్నారు. ఇటు కరీంనగర్ అదే నిజాం కింద, అదే ఉర్దూ కచేరీ కింద ఉంది. గోదావరి దాటి అటు పోతే ‘వార్’ అరుదు. మా బాబాయి ఉత్త బండిగా మిగలడానికి కారణం అదే. కాబట్టి అసలు కారణం పక్కన వినిపించే మరాఠీ. ఉర్దూ దానికి అడ్డు చెప్పలేదు, అంతే.

బండేవార్ సంగతి ఇంకా దగ్గరిది. ఆదిలాబాద్ 1905లో జిల్లా అయిన తర్వాత కిన్వట్, రాజురా తాలూకాలు మనవిగానే ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆ రెండు తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. నాందేడ్ జిల్లా నుంచి ముధోల్, బైంసా, కుభీర్ ఇటు వచ్చాయి. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. కిన్వట్ చిన్నతాత ఇల్లు కదల్లేదు, చెలక కదల్లేదు. ఆయన పిల్లలు మాత్రం మరాఠీ బడిలో చేరారు. అక్కడ పేరు రాసుకున్న పంతులు చెవికి ఇంపైనట్టు ‘బండేవార్’ అని రాశాడు. ఇటు మా నాన్నకు ‘బండివార్’ అని పడింది. ఒకే ముత్తాత మునిమనవళ్లం, మధ్యలో ఒక గీత, ఒక గుడి చోట ఒక ఏత్వం. అరవై ఏళ్ల తర్వాత ఆ ఏత్వమే మమ్మల్ని ఆఫీసు బల్ల ముందు నిలబెట్టింది.

పేర్ల విషయంలో ఇలాంటి చిక్కు మనకొక్కరికే అనుకోకండి. ఉద్యోగం మీద కొన్నాళ్లు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఉన్నాను. అక్కడ ఏ దరఖాస్తు చూసినా పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు ఒక గడి, ఆ రెంటి మధ్య చిన్న గడి ఇంకొకటి. ఆ చిన్న గడి ‘వాన్’, ‘దె’ లాంటి మాటల కోసం. డచ్చి భాషలో ‘వాన్’ అంటే ‘నుంచి’. డైక్ అంటే నీళ్లకు వేసిన కట్ట. వాన్ డైక్ అంటే కట్ట దగ్గరివాళ్లు. మనలో కట్టావారు లేరూ? నెదర్లాండ్స్ ఫ్రాన్సు చేతిలో ఉన్నప్పుడు, 1811 ఆగస్టులో, ఇంటిపేరు లేనివాళ్లంతా ఒక పేరు నమోదు చేసుకోవాలని నెపోలియన్ ఆజ్ఞ ఇచ్చాడు. ఈ పాలన నాలుగు రోజులేనని జనం వేళాకోళం పేర్లు రాయించుకున్నారని అక్కడ కథలు చెబుతారు. అవి చాలావరకు కట్టుకథలే. చాలామందికి అప్పటికే ఇంటిపేర్లున్నాయి. ఆ రోజు జరిగింది వేరు. నోటి మీద నానా తీర్లుగా తిరిగే పేరు కాగితం మీద ఒక్క తీరుగా గడ్డకట్టింది. అక్కడా సరిహద్దు పని సరిహద్దు చేసింది. నెదర్లాండ్స్‌లో వాన్ డైక్‌ను జాబితాలో ‘డ’ కింద వెతకాలి. పక్కనే బెల్జియంలో, అదే భాష మాట్లాడేచోట, ‘వ’ కింద వెతకాలి. అప్పుడు నవ్వుకున్నాను. కిన్వట్ ఆఫీసులో ఆ నవ్వు గుర్తొచ్చింది.

మాకు రుజువు దొరికింది 1954-55 ఖాస్రా పహాణీలో. తెలంగాణలో భూమి ఉన్న ప్రతి ఇంటికీ ఆ పేరు తెలుసు. పొలం పొలం తిరిగి, పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు అని రాసిన లెక్క అది. మా అదృష్టం కొద్దీ అది 1956కు ముందుది. కిన్వట్, ఆదిలాబాద్ అప్పటికి ఒకే జిల్లా. నకలు సంపాదించాను గానీ అంతా ఉర్దూ. మన బడిలో ఉర్దూ మీడియం చెప్పిన సార్ ఒకరు, వయసు ఎనభై దాటింది, పట్టణంలోనే ఉన్నారు. ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. నన్ను గుర్తుపట్టలేదు. బడి పేరు చెప్పగానే కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు.

సార్ భూతద్దం పెట్టి చదివారు. ముగ్గురు అన్నదమ్ముల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మూడింటికీ ‘బండివార్’. ఒకే చేతిరాత, ఒకే అక్షరాలు. నా పని అయిపోయింది. లేవబోతుంటే, ‘ఇంకో కాగితం గూడ ఉన్నది కదా’ అన్నారు. పహాణీతో పాటు ఎవరో పాత సేత్వార్ నకలు కూడా ఇచ్చారు. అందులో మా ముత్తాత పేరుంది. సార్ దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టారు.

‘ఇది రే. ర అని చదువుతం. దీని మీద చిన్న తోయ్ గుర్తు పెడితే డ లెక్క పలుకుతది. గాయక్వాడ్ రాస్తే గట్లనే రాస్తరు. మీ తాతల పేరు మీద ఈ గుర్తు లేదు. మీ ముత్తాత పేరు మీద ఉన్నది. చూడు. బండివార్ కాదు బాబూ, బండివాడ్.’

చూశాను. దోమ వాలినంత గుర్తు. బండివాడు.

ఇంట్లో పెద్దలు చెప్పింది అప్పుడు అతుక్కుంది. మా ముత్తాత పత్తి బండ్లు తోలేవాడు. రైతుల పత్తిని కిరాయికి జిన్నింగ్ మిల్లులకు చేరవేసేవాడు. నాలుగెకరాలు కొన్నది ఆ కిరాయి డబ్బుతోనే. పట్వారీ ముందు నిలబడితే ఆయన ఎవరు? బండివాడు. పట్వారీ పిలిచినట్టే రాశాడు. ఆయన కొడుకులు పెద్దవాళ్లయి, సొంత బండ్లు పెట్టి, ఊళ్లో పెళ్లిళ్లకూ పంచాయితీలకూ పిలిచే మనుషులయ్యేసరికి అదే ఇల్లు ‘బండివారు’ అయింది. ఇల్లు అదే, నెత్తురు అదే. మారింది పిలిచే గొంతు. ఆ గొంతు ఏనాడు రిజిస్టరులో పడిందో, ఆనాటి మర్యాదో అమర్యాదో వంశానికి అంటుకుపోయింది. నాందేడ్ వైపు తెలుగు కుటుంబాల్లో ‘వార్’ల పక్కనే ‘వాడ్’లు ఎందుకున్నారో అప్పుడు నాకు అర్థమైంది. ఇద్దరివీ తెలుగు పేర్లే. ఒకరిని బహువచనంలో పిలిచిన రోజు రాశారు, ఇంకొకరిని ఏకవచనంలో పిలిచిన రోజు రాశారు. వాడ్ రాయించుకున్నవాళ్ల ఇంట్లో పుట్టిన ఆడపిల్ల కూడా ‘వాడు’గానే బడికి రావలసి వచ్చింది.

తర్వాత చుట్టూ చూస్తే, ఎదుటివాళ్లు పెట్టిన పేర్లే మన జిల్లా నిండా కనిపించాయి. గోండులు తమను కోయితూర్ అనుకుంటారు. గోండు అన్నది బయటివాళ్ల మాట. కోలాంలను మన తెలుగువాళ్లు మన్నెవార్లు అన్నారు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన వీరుడి ఇంటిపేరును కొమురం, కొమరం, కుమురం, కుమ్రం అని ఇప్పటికీ నాలుగు తీర్లుగా రాస్తున్నాం. 2016లో ఆయన పేరుతో జిల్లానే ఏర్పడింది. అంతటి మనిషి పేరే కాగితం మీద కుదురుగా నిలవకపోతే, బండ్లు తోలిన మా ముత్తాత సంగతి చెప్పేదేముంది?

ఆ రాత్రి మా ‘వాడ్’ మిత్రుడికి ఫోన్ చేశాను. నాందేడ్‌లో స్థిరపడ్డాడు. రెండేళ్లకొకసారి పెళ్లిళ్లలో కలుస్తాం, బాగానే మాట్లాడుకుంటాం. హాజరు సంగతి ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ రాలేదు. కాగితంలో చూసింది చెప్పాను. అతను చాలాసేపు నవ్వాడు.

‘అయితే నువ్వు గూడ వాడివేనా రా?’ అన్నాడు.

‘వాడినే’ అన్నాను. తర్వాత తొమ్మిదో తరగతి సంగతి ఎత్తి, తప్పయిందన్నాను.

‘నేనెప్పుడో మరిచిన. మా చెల్లెకు యాదుంటది. అడుగు’ అన్నాడు. ‘దానికి పెండ్లయినంక గూడ అది పోలే. అత్తగారిది గూడ వాడే.’

ఆమె ఇప్పుడు ఉపాధ్యాయిని. ఫోన్ చేయడానికి నాకు వారం పట్టింది. చెప్పిందంతా విన్నది. నీళ్ల ట్యాంకు సంగతి నేను ఎత్తకముందే తనే ఎత్తింది. ‘అన్నా, నేను ఇరవై ఆరేండ్లుగా హాజరు పిలుస్తున్న. ఇంటిపేరు పిలువ. పిల్లల పేరే పిలుస్త’ అన్నది. ఇంకేమీ అనలేదు. ఈ వ్యాసం రాసి ముందు ఆమెకే పంపాను. సంచికలో వేసుకోవచ్చు, కానీ తన పేరు, ఇంటిపేరు రెండూ వద్దన్నది. అందుకే రాయలేదు.

భూమి పని మరుసటి ఏడాది అయింది. ఖాస్రా పహాణీ నకలు, దానికి అనువాదం, మూడు అఫిడవిట్లు పెట్టాం. బండి, బండివార్, బండేవార్ ఒకటేనని ముగ్గురం సంతకాలు చేశాం. నాలుగో పేరు అక్కడ ఎవరూ అడగలేదు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. మా పిల్లలకు చూపించాను.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మన బడి పాత ప్రవేశ రిజిస్టర్లు ఆఫీసు గది వెనక బీరువాలో ఉన్నాయి. పోయినసారి వచ్చినప్పుడు చూశాను. అడుగున ఉన్నవి ఉర్దూలో ఉన్నాయి, అంచులు చెదలు తింటున్నాయి. ఈ జిల్లాలో కొన్ని వందల ఇళ్ల పేర్లు మొదటిసారి కాగితం మీద పడింది వాటిలోనే. వాటిని స్కాన్ చేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. చదవడానికి మాత్రం మనుషులు కావాలి. నాకు చదివిపెట్టిన సార్ ఇంకా ఉన్నారు, కళ్లు మసకబారుతున్నాయి. ఉర్దూ మీడియంలో చదివిన పూర్వ విద్యార్థులు వారానికి ఒక గంట ఇచ్చినా సరిపోతుంది. ఈ స్వర్ణోత్సవం నాడే మొదలుపెడదాం.